ముందు కథ అడగకండి: దడుపు పట్టిన మనసుతో పని ఎలా మొదలుపెట్టాలి

నా పొరపాటుతోనే మొదలుపెడతాను. శ్రీకాకుళంలో చిన్న గది అద్దెకు తీసుకుని ప్రాక్టీసు పెట్టిన రెండో నెలలో ఒక అమ్మాయి వచ్చింది. రోడ్డు ప్రమాదంలో, పక్క సీట్లో కూర్చున్న అన్నయ్య కళ్లముందే పోయాడు. "ఏం జరిగిందో మొదటి నుంచి చెప్పమ్మా" అన్నాను. గంటన్నర చెప్పింది, ఏడ్చింది. భారం దిగి ఉంటుందిలే అని నేను లోలోపల మురిసిపోయాను. ఆ రాత్రి నుంచి ఆమెకు కంటి మీద కునుకు లేదని, మూడు రోజులుగా అన్నం ముట్టలేదని వాళ్ల పిన్ని ఫోన్ చేసి చెప్పింది. ఆ అమ్మాయి మళ్లీ రాలేదు.

"చెప్పుకుంటే భారం తగ్గుతుంది" అని అందరూ అంటారు. అబద్ధం కాదు. కానీ ఎప్పుడు చెప్పాలో, ఎంత చెప్పాలో, చెప్పాక ఇంటికెళ్లి ఆ రాత్రి ఎలా గడపాలో ఆ మాటలో లేదు. మన పనంతా అక్కడే ఉంది.

మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో కొత్తగా పని మొదలుపెట్టిన సైకాలజిస్టులు, స్కూలు కౌన్సెలర్ల కోసం ఇది రాస్తున్నాను. ఇంట్లో ఒకరి కోసం థెరపిస్టును వెతుకుతున్నవాళ్లు చదివినా మంచిదే, ఆ గదిలో ఏం జరగాలో తెలుస్తుంది. ఒక్క షరతు: కథ చెప్పించే మెట్టు దగ్గర, శిక్షణ, పైన చూసే సీనియర్ లేకపోతే ఆగిపోండి. మిగతావి ఎవరైనా చేయవచ్చు.

చెప్పడానికి వీలుగా ఒక మనిషిని అనుకుందాం. శ్రీకాకుళం జిల్లా తీరాన ఉన్న ఉద్దానంలో కొబ్బరి రైతు, యాభై ఏళ్లవాడు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు, పశువుల కట్లు విప్పడానికి వెళ్లిన తమ్ముడి మీద చెట్టు పడింది. ఈయన ఒక్క మనిషి కాదు. నేను విన్న చాలా బతుకుల్ని కలిపి అల్లిన మనిషి. ఇక నుంచి ఈయన్ను రైతు అనే పిలుస్తాను.

గది, కుర్చీ, గుట్టు

వచ్చినవాళ్ల కుర్చీకీ తలుపుకీ మధ్య మీరు కూర్చోవద్దు. లేచి వెళ్లిపోవాలనిపిస్తే దారి ఉందని వాళ్ల కళ్లకు కనబడాలి. తలుపు గడియ పెట్టాలంటే అడిగి పెట్టండి. ఫ్యాను హోరు కొందరికి గాలివాన హోరులా వినిపిస్తుంది, అదీ అడగండి. నా గదికి పైన రేకుల షెడ్డు ఉండేది. వానాకాలం ఆ చప్పుడుకు నా దగ్గరకు వచ్చినవాళ్లు ఉలిక్కిపడుతుంటే ఆ గది మార్చేశాను.

గుట్టు సంగతి పెద్ద ఊళ్లలో ఒకలా ఉంటుంది, మన దగ్గర ఇంకొకలా. ఇక్కడ ఎవరిని కదిపినా చుట్టరికం తగులుతుంది. మొదటి పది నిమిషాల్లోనే ఈ మాట చెప్పేయండి: "బయట ఏడు రోడ్ల జంక్షన్లో కనిపించినా నేను ముందు పలకరించను. మీరు పలకరిస్తే పలుకుతాను." చాలామంది భుజాలు అప్పుడే దిగుతాయి. 2017 మానసిక ఆరోగ్య చట్టం గోప్యతను హక్కుగా ఇచ్చిందని చెప్పండి. దానికి ఉన్న మినహాయింపులు కూడా అప్పుడే చెప్పాలి: ప్రాణాపాయం ఉంటే మీరు నోరు మూసుకుని కూర్చోరు. పిల్లల మీద లైంగిక హింస సంగతి తెలిస్తే పోక్సో చట్టం ప్రకారం ఫిర్యాదు చేయక తప్పదు. అన్నీ విన్నాక "ఇది చెప్పక తప్పదు" అంటే ఎదుటివాళ్లకు అది రెండో దెబ్బ.

వెంట వచ్చిన బావగారినో వదినగారినో మర్యాదగా బయట కూర్చోబెట్టండి. "మా దగ్గర దాపరికాలేం లేవండి" అంటారు. అయినా సరే.

మొదటి రోజు

కథ అడగకండి. "అది ఏమిటో ఒక్క ముక్కలో చాలు, తుఫాను, యాక్సిడెంటు, ఇంట్లో కొట్టడం, అలా. వివరాలు తర్వాత, మీరు సిద్ధమయ్యాక" అని మీరే హద్దు గీయండి. కొందరు ఆపుకోలేక చెప్పేస్తుంటారు. "ఆగండి, ఇది చాలా ముఖ్యమైంది, హడావిడిగా విననివ్వకండి నన్ను" అంటే నొచ్చుకోరు.

అడగాల్సినవి వేరే ఉన్నాయి. నిద్ర ఎన్ని గంటలు? ఏ టైముకు మెలకువ వస్తోంది? మందు ఎంత తాగుతున్నారు, ఎప్పటి నుంచి? తలకు దెబ్బ తగిలిందా? ఆ ప్రమాదం ఇప్పటికీ ఇంట్లోనే ఉందా? ఈ చివరి ప్రశ్న మరిచిపోతే తర్వాత చేసేదంతా వృథా. రోజూ తన్నే మొగుడి ఇంటికి తిరిగి వెళ్లే మనిషికి పాత గాయం మాన్పే చికిత్స కుదరదు. ముందు ఆమె క్షేమం చూడాలి. 181 మహిళా హెల్ప్‌లైన్ నంబరు కాగితం మీద రాసివ్వకండి, ఆ కాగితం ఎవరి చేతికి చిక్కుతుందో తెలియదు. ఆమెకు నోటికి వచ్చేలా చెప్పండి.

"చనిపోవాలని అనిపిస్తోందా?" అని సూటిగా అడగండి. అడిగితే ఆ ఆలోచన పుడుతుందన్న భయం మీకు అక్కర్లేదు. ఉందని చెబితే ఎలా, ఎప్పుడు అనుకున్నారో అడగండి. పొలాల ఊళ్లలో పురుగుమందు ఇంట్లో అటక మీదే ఉంటుంది. దాన్ని ఆ రోజే ఇంట్లోంచి తీయించే మనిషి ఎవరో తేల్చుకోకుండా పంపకండి.

రైతు "నాకు భయంగా ఉంది" అనడు. గుండె దడ అంటాడు, తల దిమ్ము, కాళ్లు లాగడం, నరాల వీక్‌నెస్ అంటాడు. అప్పటికే బలానికి సెలైన్లు ఎక్కించుకుని ఉంటాడు, మెడకు తాయెత్తు ఉంటుంది. తాయెత్తు చూసి నవ్వకండి. దడుపు పట్టిందని గుర్తించి ఎవరో అతని కోసం ఏదో చేశారన్న మాట. గుండె దడకు మాత్రం ఒకసారి ఈసీజీ, థైరాయిడ్ పరీక్ష చేయించమనండి. అన్నీ మనసుకే అంటగట్టడం కూడా తప్పే.

ఘటన జరిగి ఇంకా నెల దాటకపోతే లెక్క వేరు. మొదటి వారాల్లో నిద్ర పట్టకపోవడం, అదే కళ్లముందు కదలడం చాలామందికి ఉంటుంది, ఎక్కువమంది వాళ్లంతట వాళ్లే తేరుకుంటారు. పీటీఎస్‌డీ, అంటే ప్రమాదం గడిచిపోయినా దడుపు వదలని జబ్బు, అనాలంటే లక్షణాలు నెల దాటి ఉండాలి. ఆ నెలలో కావాల్సింది అన్నం, పడుకునే చోటు, తప్పిపోయినవాళ్ల కబురు, పక్కన ఒక మనిషి. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన ప్రథమ మానసిక సాయం పద్ధతి మూడే మాటలు: చూడు, విను, కలుపు. పునరావాస కేంద్రానికి వెళ్లి వరసగా కూర్చోబెట్టి "ఒక్కొక్కరూ మీ అనుభవం చెప్పండి" అనే పని వద్దని కూడా ఆ సంస్థే అంటోంది.

దడుపు అంటే ఏమిటో చెప్పడం

రెండో రోజు కాసేపు మీరే మాట్లాడాలి. మెదడు బొమ్మ గీసి ఇంగ్లిషు పేర్లు చెబితే రైతు తల ఊపుతాడు గానీ ఒక్క ముక్క ఇంటికి తీసుకెళ్లడు. నేను ఉద్దానం వాళ్లకు ఎలుగుబంటి కథ చెబుతాను. జీడితోటలో ఒకసారి ఎలుగు తరిమినవాడికి ఆ తర్వాత కాలిన మొద్దు కనబడినా కాళ్లు పరుగు తీస్తాయి. వాడు పిరికివాడు కాదు, పిచ్చివాడూ కాదు. ఇంకోసారి ప్రాణం మీదకు రాకూడదని ఒళ్లు తొందరపడుతోంది. మనం చేయబోయేది ఎలుగును మరిపించడం కాదు, మొద్దుకీ ఎలుగుకీ తేడా ఒంటికి మళ్లీ నేర్పించడం.

ఆ తర్వాత లక్షణాలు వాళ్ల బతుకులోంచే ఏరి చూపించండి. పీడకలలు, ఉన్నట్టుండి అదే చోట ఉన్నట్టు అనిపించడం ఒక గుంపు. తోటవైపు వెళ్లకపోవడం, ఆ ఊసెత్తితే లేచిపోవడం ఇంకొకటి. "తప్పంతా నాదే", "ఎవర్నీ నమ్మకూడదు" అన్న ఆలోచనలు, దేనిమీదా మనసు లేకపోవడం మూడోది. చిన్న చప్పుడుకు ఉలికిపాటు, ఇంట్లోవాళ్ల మీద కసురుకోవడం నాలుగోది. "ఇవన్నీ ఒకే జబ్బా? నాకు కోపం ఎక్కువైందని మా ఆవిడ అంటోంది" అన్నప్పుడు ఆ మొహంలో కనిపించే తేరిక చూస్తే, సగం మందు అక్కడే పడిందనిపిస్తుంది నాకు.

వేడి గంజి మీద ఊదినట్టు

ఒంటిని నెమ్మదింపజేసే పనులు మూడు నేర్పితే చాలు. ఎక్కువ నేర్పితే ఒక్కటీ చేయరు.

మొదటిది ఊపిరి. "గట్టిగా ఊపిరి పీల్చండి" అంటే ఛాతీ బిగించి ఇంకా గాబరా పడతారు. పీల్చడం మామూలుగానే, వదలడం మాత్రం పొడుగ్గా ఉండాలి. పొయ్యి రాజేయడానికి ఊదినట్టు కాదు, వేడి గంజి మీద ఊదినట్టు, తొణక్కుండా. పొద్దున ఐదు నిమిషాలు, రాత్రి ఐదు నిమిషాలు, అదీ బాగున్నప్పుడే. ఈత నేర్చుకోవాల్సింది వరదలో కాదు కదా. కొందరికి, ముఖ్యంగా నీళ్లలో మునిగి బయటపడ్డవాళ్లకు, ఊపిరి మీద ధ్యాస పెడితేనే దడ పెరుగుతుంది. వాళ్లను కళ్లు తెరిచే ఉంచి, రెండు చేతులతో గోడను నెట్టమనండి.

రెండోది ఇప్పుడున్న చోటికి తిరిగి రావడం. కనిపించేవి ఐదు, తాకేవి నాలుగు, వినిపించేవి మూడు, వాసన వచ్చేవి రెండు, రుచి ఒకటి. పాదాలు నేలకు ఆనించి, పేరు, ఊరు, ఈ రోజు తేదీ పైకి చెప్పడం. అన్నిటికన్నా తేదీ బాగా పనిచేస్తుంది, ఎందుకంటే దడుపు పట్టిన మనసులో ఇంకా ఆ తేదీయే నడుస్తుంటుంది.

మూడోది కొలత. పుస్తకాల్లో సున్నా నుంచి పది అనో, వంద అనో ఉంటుంది. మా రైతులకు ఆ లెక్క అంటలేదు. "భయం రూపాయిలో ఎంత?" అని అడగడం మొదలుపెట్టాను. పావలా, అర్ధ, ముప్పావలా, నిండు రూపాయి. బడికి వెళ్లని ముసలమ్మ కూడా టక్కున చెప్పేస్తుంది. ముప్పావలా దాటితే ఆగి కాళ్లు నేలకు ఆనించడం, అర్ధకు దిగాక మళ్లీ పని మొదలెట్టడం అని ఒప్పందం చేసుకోండి.

ఇదంతా రెండు మూడు వారాల పని. ఇక్కడ ఒక హెచ్చరిక. ఊపిరి ఊపిరి అంటూ ఆరు నెలలు గడిపేసే థెరపిస్టుల్ని చూశాను. కథ వినడానికి భయం రైతుకు కాదు, వాళ్లకే.

ఇప్పుడు కథ

ప్రమాదం గడిచిపోయింది, తాగుడు అదుపులో ఉంది, ముప్పావలా నుంచి అర్ధకు తనంతట తాను దిగగలుగుతున్నాడు. అప్పుడు కథలోకి వెళ్లాలి. దీనికి పరీక్షకు నిలిచిన పద్ధతులు కొన్ని ఉన్నాయి. జ్ఞాపకాన్ని ఇప్పుడే జరుగుతున్నట్టు పదేపదే చెప్పించి, దానికున్న పదును తగ్గించే ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్ ఒకటి. మామూలుగా ఎనిమిది నుంచి పదిహేను సెషన్లు పడుతుంది. ఇరుక్కుపోయిన ఆలోచనల్ని విడదీసే సీపీటీ పన్నెండు సెషన్లది. జ్ఞాపకాన్ని తలచుకుంటూనే కళ్లు అటూ ఇటూ కదిలించే ఈఎండీఆర్ ఇంకొకటి. ఏది గొప్పదన్న వాదనలో నేను దిగను. మీరు సరిగ్గా నేర్చుకున్నది ఏదో అదే చేయండి. వీడియోలు చూసి మాత్రం వద్దు.

అన్నిటికీ పనికొచ్చే ఒక మాట మన జిల్లాల నుంచే నేర్చుకున్నాను. కథ ఇంటి భాషలో రావాలి. మనం పేపరు తెలుగులో అడిగితే ఎదుటివాళ్లు కూడా మర్యాదకు ఆ తెలుగులోనే చెబుతారు, "మా తమ్ముడు మరణించాడండి" అంటారు. ఆ వాక్యంలో తమ్ముడు ఉండడు. "ఆడు ఎల్లిపోనాడు" అన్నప్పుడు గొంతు పూడుకుపోతుంది. అందుకే వాళ్ల యాస వాళ్లది, సరిదిద్దకండి, వెటకారంగా అనుకరించకండి. సీతంపేట వైపు సవర భాషలోనో, ఇచ్ఛాపురం వైపు ఒడియాలోనో ఏడుపు వస్తే రానివ్వండి. మీకు అర్థం కాకపోతే తర్వాత అడగొచ్చు.

చెబుతూ చెబుతూ రైతు ఒకచోట వేగం పెంచుతాడు, లేదా "ఆ తర్వాత తెల్లారిపోయిందండి" అని దాటేస్తాడు. దాటేసిన చోటే ముల్లు ఉంటుంది. ఆ రోజు వదిలేయండి. రెండు మూడు సెషన్ల తర్వాత అక్కడికి నెమ్మదిగా వెళ్లండి: "కేక వినిపించింది అన్నారు. అప్పుడు మీ చేతులు ఎక్కడున్నాయి?"

మధ్యలో చూపు నిలిచిపోయి, పిలిస్తే పలక్కుండా, మాట నీళ్ల అడుగు నుంచి వస్తున్నట్టు ఉంటే వెంటనే ఆపండి. ధైర్యంగా కొనసాగించడం అక్కడ పనికిరాదు. పేరు పెట్టి పిలవండి, కిటికీ తెరవండి, చల్లటి నీళ్ల గ్లాసు చేతికివ్వండి, తేదీ అడగండి. చివరి పదిహేను నిమిషాలు ఎప్పుడూ కథకు వాడకండి. టీ తాగి, తోట సంగతో మనవరాలి సంగతో మాట్లాడి, పావలాకు దిగాకే బండి తాళం తీయమనండి.

"నానెల్లుంటే ఆడు బతికేవోడు"

భయం తగ్గాక అడుగున ఉన్నది పైకి తేలుతుంది, చాలాసార్లు అది తప్పు చేశానన్న భావమే. కట్లు విప్పమని తమ్ముడితో అన్నది రైతే. "అలా అనుకోకండి, మీ తప్పేం లేదు" అని ఊళ్లో అందరూ చెప్పేశారు. మీరూ అదే అంటే ఇంకో బంధువు ఓదార్చినట్టే ఉంటుంది.

ఒక కాగితం తీసుకుని నిలువుగా గీత గీయండి. ఎడమవైపు "ఆ గంటలో నాకు తెలిసింది", కుడివైపు "తర్వాత తెలిసింది". పశువులు కట్టేసి ఉంటే చస్తాయని ఎడమవైపు. అంతకుముందు ఏ గాలివానకూ ఆ చెట్టు కదల్లేదని ఎడమవైపు. ఆ చెట్టు పడుతుందన్నది ఎటు రాయాలి? రైతు పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చుంటాడు. ఆ నిశ్శబ్దంలో మీరు నోరు తెరవకపోవడమే చికిత్స. నాకు ఇప్పటికీ కష్టమైన పని అదే.

కొందరు నిజంగానే తప్పు చేసి ఉంటారు, తాగి బండి నడిపినవాళ్లున్నారు. వాళ్లతో కాగితం ఆట ఆడకండి. చేసినదాన్ని చేశానని ఒప్పుకుని, ఆ ఇంటికి ఏం చేయగలరో ఆలోచించడం వేరే దారి.

దుఃఖం కూడా వేరు. భయానికి చికిత్స చేస్తాం, దుఃఖానికి చోటిస్తాం. తమ్ముడితో పాటు కొబ్బరి చెట్లూ పోయాయి. కొబ్బరి కాపుకు రావాలంటే ఐదారేళ్లు, అంటే ఆయన వయసులో అది లెక్కపెట్టుకునే కాలం. "చెట్లదేముంది లెండి" అనకండి. కబురే తెలియనివాళ్ల దుఃఖం ఇంకొక రకం. 2018 చివర్లో గుజరాత్ తీరం నుంచి వేటకు వెళ్లి పాకిస్తాన్‌కు చిక్కిన మన మత్స్యకారులు 2020 జనవరిలో గానీ తిరిగి రాలేదు. ఆ ఏడాదికి పైగా వాళ్ల భార్యలకు ఏడవాలో ఎదురుచూడాలో తెలియని స్థితి. అలాంటి చోట "ఒప్పుకుని ముందుకు సాగండి" అన్న సలహా క్రూరంగా ఉంటుంది.

రేకుల చప్పుడు నుంచి తోట దాకా

కథతో పాటే ఇంటిపని కూడా నడవాలి. తప్పించుకు తిరుగుతున్నవి రాయించి, ఒక్కోదానికి రూపాయి కొలత వేయించండి. టీవీలో వాతావరణ వార్తలు పావలా, వాన పడుతుండగా తలుపు వేసుకుని పడుకోవడం అర్ధ, తమ్ముడు పడిన చోట నిలబడటం నిండు రూపాయి. పావలా దగ్గర మొదలుపెట్టి, భయం సగానికి దిగేదాకా అక్కడే ఉండి, మర్నాడు మళ్లీ అదే పని. మొదట పెద్దకొడుకు తోడు, తర్వాత ఒంటరిగా.

నిజమైన ప్రమాదాన్ని కూడా పట్టించుకోనంతగా భయాన్ని తోమేయకూడదు. కళింగపట్నం పోర్టులో ఎన్నో నంబరు హెచ్చరిక ఎగరేశారో వినాలి, ఖాళీ చేయమంటే చేయాలి. రాత్రంతా ఫోన్లో తుఫాను మ్యాపు చూస్తూ కూర్చోవడం మాత్రం జాగ్రత్త కాదు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చూడటమని ఒప్పించండి.

మందుల సంగతి క్లుప్తంగా. నిద్ర అసలే లేకపోయినా, దిగులు ముంచేసినా, ఆత్మహత్య ఆలోచనలున్నా సైకియాట్రిస్టు దగ్గరకు పంపాలి. శ్రీకాకుళం సర్వజన ఆసుపత్రి, పెద్ద అవసరమైతే విశాఖ ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నాయి. మెడికల్ షాపులో అడిగి కొనుక్కునే నిద్రమాత్రలు అలవాటై కూర్చుంటాయి. అప్పటికే నెలల తరబడి వాడుతుంటే ఒక్కసారిగా మానేయమని మీరు చెప్పకండి, డాక్టరే తగ్గించాలి. మీరు అందుబాటులో లేని రాత్రుల కోసం టెలీ మానస్ నంబరు 14416 ఫోన్లో వేయించండి. 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు.

మీ సంగతి కూడా. వారానికి ఇలాంటి కథలు పది వింటే మీకూ కలలో చెట్లు పడతాయి. నాకు పడ్డాయి. సీనియర్‌తో నెలకు రెండుసార్లు మాట్లాడటం ఖర్చు అనుకోకండి.

అక్టోబరు

మన దగ్గర థెరపీ ముగించే ముందు క్యాలెండరు తీయాలి. తుఫాన్లు చూడండి: ఫైలిన్ 2013 అక్టోబరు 12, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12, తిత్లీ 2018 అక్టోబరు 11. విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర రైళ్లు ఢీకొన్నది 2023 అక్టోబరు 29. విజయనగరంలో పైడితల్లమ్మ జాతరకు సిరిమాను ఊరేగే రోజులు కూడా సాధారణంగా ఇవే. ఊరంతా పండగలో ఉంటే మన మనిషి దుప్పటి కప్పుకుని పడుకుంటాడు. గాలి తేమ మారగానే, తేదీ గుర్తులేకపోయినా, ఒళ్లు గుర్తుచేస్తుంది. బాగైపోయిందనుకున్న రైతు "మళ్లీ మొదటికొచ్చేసిందండి" అంటాడు. మొదటికి రాలేదు, ఏడాది తిరిగి వచ్చింది. ఆ తేడా ముందే చెప్పి ఉంచకపోతే నమ్మడు.

కాబట్టి వారం వారం సెషన్లు నెలకొకటిగా తగ్గిస్తున్నప్పుడే, సెప్టెంబరు చివర ఒకటి, దీపావళి దాటాక ఒకటి రాసిపెట్టుకోండి. పదో తారీఖు రాత్రి ఇంట్లో ఎవరు పడుకుంటారు, తెల్లవారుజామున మెలకువ వస్తే ఎవరిని లేపాలి, టార్చి ఎక్కడుంది, పశువుల కట్లు ముందు సాయంత్రమే చూసిపెట్టేది ఎవరు, అన్నీ అతని చేతే రాయించండి. తమ్ముడి పేరున ఆ రోజు ఏం చేయాలనుకుంటున్నాడో అడగండి. ఒకాయన ఏటా ఆ రోజు ఒక కొబ్బరి మొక్క పాతుతానన్నాడు. ఇంకొకాయన ఏమీ చేయను, పడుకుంటాను అన్నాడు. రెండూ అలాగే రాసుకున్నాను.